బారులో ఒక్కడే ఉంటే

బట్టీపట్టి వచ్చిన జవాబు ఈ ప్రశ్నకు అతకదని బోర్డు ముందు నిలబడ్డాక తెలిసినా, అదే జవాబు గడగడా అప్పజెప్పి బయటపడ్డవాళ్ళు మీలో ఎంతమంది? చేతులెత్తనక్కర్లేదు. ఎవరి సంగతి వాళ్ళకు తెలుసు. కోడింగ్ ఇంటర్వ్యూలు పుట్టకముందే ఆ పని చేసిన కుందేలు ఒకటుంది. ముందు దాని కథ వినండి, సిగ్గుపడేది ఉంటే తర్వాత పడదాం.

కాలవ కింద వరిచేలు. చేలకు ఇవతల రోడ్డు, రోడ్డుకు అవతల గడ్డివాముల దిబ్బ. రోడ్డు కింద ఎప్పటిదో పాత సిమెంటు తూము. ఏటా కాలవకు నీళ్ళు వదిలే ముందు, చేలగట్లలో బొరియలు చేసుకున్న చిన్న ప్రాణులన్నీ ఆ తూములో దూరి దిబ్బ చేరుకోవాలి. ఆలస్యమైతే బొరియలోనే మునిగిపోవాలి.

అందరికంటే చుంచెలుక ఈరమ్మ పిల్లలతోనే కష్టం. వాటికి చూపు ఆనదు. అందుకే బారు కట్టి నడుస్తాయి. ముందున్నదాని తోక మొదలు వెనకది నోట కరుచుకుంటుంది, దాని తోక ఇంకోటి. పట్టు తప్పిన పిల్ల ఎటు పోతుందో దానికే తెలీదు. ఇన్నేళ్ళూ ఆ బారును పందికొక్కు అవ్వ దాటించింది. ఈ ఏడు అవ్వకు నడుం లేవలేదు. కొలువు ఖాళీ పడింది.

ఆ కొలువు తుర్రికి కావాలి. తుర్రి అంటే మన కుందేలు. ఎవరైనా మాట మొదలుపెడితే సగంలోనే జవాబు చెప్పేసి తుర్రుమనే రకం, పేరు అలాగే వచ్చింది. గుప్పెడంత ఉన్నప్పుడు అది ఆ తూము మధ్యలో దడుచుకుని కదలకుండా కూర్చుండిపోయింది. అవ్వ తిట్టలేదు. వీపు మీద చెయ్యి వేసి, "నేను పట్టుకునే ఉన్నా, నువ్వు నడువు" అంది. ఆ చేతి బరువు తుర్రి వీపు మీద ఇంకా ఉంది. తనూ ఒకరికి అలాంటి చెయ్యి కావాలని దాని ఆశ.

ఆశ ఉన్నచోటు వాసన పట్టే నక్క ఒకటి ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది. ఇక్కడ దాని పేరు జంబుకం మాస్టారు. రేగుపొద కింద కోచింగ్ నడుపుతాడు.

"కొలువు పరీక్షలో ఏమడుగుతారో నాకు తెలుసమ్మాయ్," అన్నాడు మీసం దువ్వుకుంటూ. "బారు తూము మధ్యలో ఉండగా అవతల దిబ్బ మీద కుక్క లేచిందనుకో. వెనక్కి రావాలి. బారును ఎలా తిప్పుతావు? ఇదే ప్రశ్న. జవాబు రాసుకో. అందరూ వదలండి, అందరూ తిరగండి, అందరూ పట్టండి."

"ఎందుకలా మాస్టారూ?"

"ఎందుకు అన్నది సిలబస్‌లో లేదు."

"మరి ఫీజు?"

"నీ దగ్గర ఫీజా? నువ్వు పైకి రావాలి, అంతే నాకు."

తుర్రి కళ్ళు చెమర్చాయి. మాస్టారి నోరు కూడా చెమర్చింది, అది తుర్రి చూడలేదు.

మర్నాడు తూము ముందు తుమ్మచెట్టు నీడలో పరీక్ష. అడిగేవాడు కాడెద్దు కపిలయ్య. అరక విప్పాక వచ్చి పడుకుని నెమరేస్తున్నాడు. ఈరమ్మ పిల్లల్ని పొట్ట కింద పొదువుకుని కూర్చుంది. మాస్టారు కాస్త దూరంలో, ఊరికే చూసిపోవడానికి వచ్చినట్టు కూర్చున్నాడు.

"ప్రశ్న వింటావా తల్లీ?" అన్నాడు కపిలయ్య. "బారు తూములో ఉంది. వెనక్కి తిప్పాలి. పిల్లలు ఉన్నచోటే తిరగ్గలవు గానీ ఒకదాన్నొకటి దాటలేవు. నువ్వైతే వాటి మీదుగా అటూ ఇటూ వెళ్ళగలవు. ఇప్పుడు..."

"అందరూ వదలండి, అందరూ తిరగండి, అందరూ పట్టండి," అనేసింది తుర్రి.

కపిలయ్య నెమరు ఆపలేదు. "అయిందా?"

"అయింది తాతా."

"అందరూ వదిలాక, ఎవరిని ఎవరు పట్టుకుని ఉన్నట్టు?"

తుర్రి మాస్టారి వైపు చూసింది. అటునుంచి మాస్టారు దగ్గి, "మళ్ళీ అప్పజెప్పు, గట్టిగా అప్పజెప్పు," అని గొణిగాడు.

ఎన్ని గొంతులు అక్కడే, ఆ క్షణంలోనే, ఇంకా గట్టిగా అప్పజెప్పి ఉంటాయో ఆలోచించండి. తుర్రి చెవులు రెండూ వాలిపోయాయి. "తెలీదు తాతా," అంది. "తెలీకుండానే చెప్పేశాను. నన్ను పంపించెయ్యండి."

"పంపించడానికి నేనింకా ప్రశ్నే పూర్తిగా అడగలేదే," అన్నాడు కపిలయ్య. "కూర్చో. పెద్ద బారును చూసి బెదిరిపోకు. బారులో ఒక్కడే ఉంటే?"

మాస్టారు పకపకా నవ్వాడు. "ఒక్కడే ఉంటే అది బారేమిటి బావా? అదీ ఓ ప్రశ్నేనా?"

తుర్రి మాత్రం నవ్వలేదు. ఈరమ్మ వైపు చూసింది. ఈరమ్మ కాసేపు తటపటాయించి, కడగొట్టు పిల్ల గింజను ముందుకు తోసింది. "జాగ్రత్తమ్మా, అదసలే దిక్కుమాలినది. ఎటు పడితే అటు పోతుంది."

"గింజా, తిరుగు," అంది తుర్రి.

గింజ తిరిగింది. "అయిపోయిందా?" అంది నిరాశగా.

"ఒక్కరే అయితే తిరగడమే," అంది తుర్రి నెమ్మదిగా. "ఇద్దరైతే... ముందున్న పిల్ల తిరుగుతుంది. తర్వాత వెనక పిల్ల తిరుగుతుంది. ముందున్నది దాని తోక పడుతుంది." చేయించి చూసింది. బాగానే వచ్చింది. హుషారొచ్చి ముగ్గుర్ని నిలబెట్టింది, చివర గింజ. మొదటిది తిరిగింది. నడిమిది తిరిగింది, మొదటిది దాని తోక పట్టింది. భలే అనుకుని తుర్రి తలెత్తేసరికి గింజ లేదు.

నడిమిది తిరగ్గానే గింజ నోట్లోంచి తోక జారిపోయింది. ఏ తోకా దొరక్క అది గాలి వాసన చూసుకుంటూ బుడిబుడిగా నడిచి, సరిగ్గా జంబుకం మాస్టారి ముందుకాళ్ళ దగ్గరికి చేరింది. మాస్టారు అరవలేదు, పిలవలేదు. కళ్ళు మూసుకుని మెల్లగా తల వంచాడు. ఆ తలకూ గింజకూ మధ్య కపిలయ్య మూతి వచ్చి వాలింది.

"దుమ్ము పడింది, ఊదుతున్నా," అన్నాడు మాస్టారు.

కపిలయ్య ఊపిరితో గింజను మెల్లగా ఇటు దొర్లించాడు. ఈరమ్మ దాన్ని లాక్కుని ఒళ్ళంతా తడిమింది. అది చూడటమే తుర్రికి ఎక్కువ నొప్పి. పారిపోవడం దానికి బాగా వచ్చిన పని, దారి కూడా ఖాళీగానే ఉంది.

"ఏమైందో చూశావా?" అన్నాడు కపిలయ్య.

"నావల్ల తప్పిపోయింది."

"అది ఏడుపు. నేనడిగింది ఏమైందని."

తుర్రి కన్నీళ్ళు తుడుచుకుని నేల మీద చూసింది. ఇక్కడ నడిమిది. దాని వెనక గింజ. "నడిమిది తిరగ్గానే గింజ పట్టు ఊడింది," అంది. "అది తిరగక ముందు నా చెయ్యి... నా చెయ్యి గింజ మీద ఉండాలి."

అన్నాక తనే ఆగిపోయింది. వీపు మీద ఆ పాత బరువు తగిలింది. అవ్వ చేసింది ధైర్యం చెప్పడం ఒక్కటే కాదు. అది పద్ధతి.

"ఈరమ్మత్తా, ఇంకొక్కసారి ఇస్తావా?"

ఈరమ్మ ఇవ్వడానికి చాలా సేపు పట్టింది. ఇచ్చింది.

ఈసారి తుర్రి పైకే చెప్పుకుంటూ చేసింది. నడిమిదాని మీద చెయ్యి వేసి మొదటిదాన్ని తిప్పింది, తర్వాత నడిమిదాని వంతు. "తిరగబోయేది నువ్వు. నీ వెనకదాని మీద ముందు నా చెయ్యి. ఆఁ, ఇప్పుడు తిరుగు. ఇంతకుముందు తిరిగినవాడా, దీని తోక పట్టు. పట్టావా? ఇప్పుడు నా చేతి కిందున్నది తిరగాలి. దాని వెనక ఎవరు? ఎవరూ లేరు. అయితే గింజా, నువ్వు తిరుగు. నడిమిదానా, గింజ తోక పట్టు. ఇక నువ్వే ముందు."

"నేనా?" అంది గింజ. పుట్టాక ఎన్నడూ అది ముందు నడవలేదు.

ఇంకో పిల్లను చేర్చారు, ఇంకోదాన్ని చేర్చారు. బారు పెరిగిందే గానీ పని మారలేదు. చివరకు పిల్లలన్నీ ఒకదాని తర్వాత ఒకటి తిరిగాయి, ఒక్కటీ తప్పిపోలేదు.

మాస్టారికి కడుపు మండింది, రెండు రకాలుగానూ. "ఇంత నత్తనడక ఎందుకు బావా? నా పద్ధతిలో ఒక్క అరుపు చాలు. పిల్లల్ని నాతో పంపండి, నిజమైన తూములోనే చేసి చూపిస్తా."

ఈరమ్మ పిల్లల మీద పడుకున్నంత పని చేసింది. తుర్రి మాత్రం మాస్టారిని తలనుంచి తోకదాకా, మళ్ళీ తూము మూతినీ, ఒకసారి చూసుకుంది.

"అలాగే మాస్టారూ," అంది ఎంతో వినయంగా. "ముందు ఒక్కరితో చూద్దాం. తమరొక్కరే వెళ్ళి, సగం దూరంలో తిరిగి, మొహం ఇటు పెట్టి రండి. ఆ వెంటనే పిల్లలు."

"ఒక్కడినా? ఇంకా ఆ పసిపిల్లల ప్రశ్న వదల్లేదా నువ్వు," అని మాస్టారు తోక ఊపుకుంటూ దూరాడు.

తూములో గోళ్ళ చప్పుడు వినిపించింది. తర్వాత ఆగింది. తర్వాత ఒళ్ళు సిమెంటుకు రాసుకుంటున్న చప్పుడు. తర్వాత అదీ లేదు.

"మాస్టారూ, తిరిగారా?"

"తిరుగుతున్నా."

తుర్రి తూము మూతికి చెవి ఆనించింది.

"తిరిగారా?"

"ఈ తూము సిలబస్ ప్రకారం కట్టలేదు," అంది లోపలి గొంతు. ఆ మాటకు అవతల దిబ్బ మీద కుక్క గుర్రుమంది. మాస్టారి గొంతు సన్నబడిపోయింది. "అమ్మాయ్. ముందుకు పోతే కుక్క. తిరుగుదామంటే నడుం వంగట్లేదు. వెనక్కి నడవడం నాకు ఎవరూ నేర్పలేదు. అమ్మాయ్, ఉన్నావా?"

ఈరమ్మ అంది, "ఉండనీ. నీళ్ళొస్తే అదే తేలుతుంది."

తుర్రికి ఒక్క క్షణం ఆ మాట సబబే అనిపించింది. కానీ తూములో చీకటి ఎలా ఉంటుందో దానికి తెలుసు. లోపలికి దూరి, నక్క తోక మొదట్లో చెయ్యి వేసింది.

"నేను పట్టుకునే ఉన్నా మాస్టారూ," అంది. "ముందు వెనక కాలు. కుడిది. ఆఁ. ఇప్పుడు రెండోది."

మొదట తోక వచ్చింది, తర్వాత పిరుదులు, చిట్టచివర మీసాలు. అందరి ముందూ మాస్టారు వెనక్కి నడుచుకుంటూ వెలుగులోకి వచ్చాడు.

గింజ వాసన చూసి అడిగింది. "తాతా, ఈయన బారులో మొదటివాడా, చివరివాడా?"

"ఒక్కడే కదా తల్లీ," అన్నాడు కపిలయ్య. "రెండూ ఆయనే."

మాస్టారు ఎవరి మొహమూ చూడకుండా రేగుపొదల వైపు పోయాడు. ఇప్పుడు మాత్రం తిరగడం బాగానే వచ్చింది.

కొలువు తుర్రికే దక్కింది. మర్నాడు కాలవకు నీళ్ళు వదలకముందే బారు బయల్దేరింది. తూము మధ్యలో ఉండగా అవతల కుక్క మొరిగింది. తుర్రి అరవలేదు, తుర్రుమనలేదు. వెనకదాని మీద చెయ్యి వేసింది. తిరగమంది. పట్టమంది. గింజ ముందు నడిచి బారును వెనక్కి తెచ్చింది. కుక్క అన్నం పిలుపుకు వెళ్ళాక మళ్ళీ తిరిగారు, దిబ్బ చేరారు. ఈరమ్మ ముక్కుతో తడిమి చూసుకుంది. ఒక్కటీ తగ్గలేదు.

చిన్న ప్రశ్నను చిన్నచూపు చూసినవాడు దాంట్లోనే ఇరుక్కుంటాడు, ఇదీ నీతి. వినేసి పక్కన పెట్టకండి. ఇవాళ మీకు అర్థం కాని లెక్క ఒకటి తీయండి, చూసిన జవాబు మూసేయండి, పైకి వినబడేలా అడగండి: "బారులో ఒక్కడే ఉంటే?" మీ పక్కన చీకట్లో ఆగిపోయినవాళ్ళు ఎవరైనా ఉంటే, వాళ్ళ వీపు మీద చెయ్యి వేసి కలిసి అడగండి.