తాళాల్లేని కోట

పూర్వం ఒక కోటలో ఏ గదిలోకి ఎవరు వెళ్ళవచ్చో తేలక రోజూ గొడవే. మంత్రి చిక్కప్పకు విసుగొచ్చింది. ఓపిక ఆ వంశంలోనే లేదంటారు లెండి. "కోటలో ఏ తలుపూ ఎవరికీ మూయరాదు!" అని చాటించాడు.

వెంటనే సైనికులు కోటలోనే ఉన్న కుమ్మరి ఎర్రక్క కొట్టంలో గుర్రాలు కట్టేశారు. ఆమెకు కూడు పెట్టే పచ్చికుండలన్నీ నుగ్గునుగ్గయ్యాయి. మొరపెట్టుకుంటే, "ఆజ్ఞ ఆజ్ఞే, పో!" అన్నాడు మంత్రి.

సాయంత్రం మంత్రి పడకగదికొచ్చి చూస్తే, పట్టుపరుపు నిండా తడికుండలు, దిండు మీద తల పెట్టి గాడిద, పక్కనే ఎర్రక్క!

"ఎవరే నిన్ను రానిచ్చింది?"

"తమరి చాటింపే, దొరా."

"భటులారా, గెంటండి దీన్ని!"

"గెంటి తలుపేస్తే ఆజ్ఞ మీరినట్టు. వెయ్యకపోతే మళ్ళీ వస్తాను."

మంత్రి చేతులు జోడించాడు. "నీ కొట్టానికి తాళం వేసుకో తల్లీ!"

"ముందు ఆ మాట చాటించండి, దొరా. అందాకా గాడిదను లేపను."