జీపుకి స్నానం

పదిమంది పెద్దమనుషుల ముందు జీపు తోయాల్సి వచ్చిన రోజు నుంచి ధృవచైతన్యకి అన్నం సయించడం మానేసింది.

అతను చింతలగెడ్డ కొండ మీద ఒక ఆశ్రమంలో శిష్యుడు. ఆశ్రమమంటే పాలరాతి మెట్లూ, ఇత్తడి కలశాలూ అనుకునేరు! రెండు పెంకుటిళ్ళూ, ఒక మందుల గదీ, అంతే. గురువు నిర్మోహానంద స్వామి. కాషాయం కట్టక ముందు ఆయన డాక్టరు. కొండ ఊళ్ళవాళ్ళు ఆయన్ని మందుల సాములంటారు, శిష్యుణ్ణి సిన్నసాములంటారు. వారానికి నాలుగు రోజులు శిష్యుడు జీపు తోలుతాడు, గురువు ఊరూరా మందులిస్తారు. ఆ జీపు శిష్యుడి కన్నా రెండేళ్ళు పెద్దది.

మొన్న కింద టౌనులో రైసుమిల్లు వీర్రాజు గారింట్లో ఏదో సభ జరిగింది. మిగతా స్వాములంతా తలుపేసినా చప్పుడు రాని తెల్ల కార్లలో దిగారు. మన జీపు వెళ్ళేటప్పుడు బాగానే వెళ్ళింది, వచ్చేటప్పుడు మొరాయించింది. స్వామి లోపల నవ్వుతూ కూర్చున్నారు. ధృవచైతన్య, వంటవాళ్ళూ, షామియానా వాళ్ళూ కలిసి వీధి చివరిదాకా తోశారు. అది దగ్గి దగ్గి, నల్లటి పొగ వదిలి, అప్పుడు కదిలింది. వెనక నుంచి ఎవరో “దీన్ని సంతలో తూకానికెయ్యండయ్యా” అన్నారు. అందరూ నవ్వారు. ఆ నవ్వు శిష్యుడి చెవిలో జోరీగలా దూరి కూర్చుంది.

వీర్రాజు గారు మంచి మనిషి. మర్నాడే ఫోన్ చేశారు. “చిన్నస్వామీ, నేను కొత్త బండి ఇస్తాను. చల్లగా ఉంటుంది, దారి అదే చెబుతుంది. సోమవారం పాతది తెచ్చి నాకు అప్పగించండి, ఇనపకొట్టుకి పంపించేస్తాను. కొత్తది తోలుకుపోండి.”

శిష్యుడు ఎగిరి గంతేసినంత పనిచేశాడు. కానీ గురువు ఏమంటారో! రెండు రోజులు మాటలు కూడగట్టుకుని, మూడో రోజు వెళ్ళి నిలబడ్డాడు. స్వామి వసారాలో కూర్చుని ఉతికిన కట్టుగుడ్డలు చుడుతున్నారు.

“స్వామీ, వస్తువు మీద మమకారం వద్దని మీరే చెబుతారు. ఈ డొక్కుబండిని పట్టుకుని వేలాడటం కూడా మోహమే కదా?”

అడిగింది ఎవర్ని? నిర్మోహానందుణ్ణి! అనేశాక శిష్యుడు నాలుక కరుచుకున్నాడు.

స్వామి చుడుతున్న గుడ్డ పక్కన పెట్టారు. “నిజమే నాయనా. ఇచ్చేద్దాం.”

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని అతను అనుకోలేదు.

“కాకపోతే కడిగి ఇద్దాం. ఇన్నేళ్ళు మోసింది, మట్టితో పంపకూడదు. ఆదివారం గెడ్డ దగ్గరికి తీసుకెళ్ళు. నీ చేత్తోనే కడుగు. పైన కడిగి వచ్చేస్తావేమో, కిందా లోపలా కూడా. ఒక్క అంగుళం వదలకు.”

ఆదివారం పొద్దున్నే ధృవచైతన్య జీపుని గెడ్డలోకి దించాడు. మోకాలి లోతు నీళ్ళు. కొబ్బరి పీచు, కుంకుడు రసం, కిరసనాయిలు గుడ్డ పట్టుకుని మొదలుపెట్టాడు. మొదట్లో విసురు విసురుగానే తోమాడు. ‘పోతే పోనీ, పీడా పోతుంది’ అన్నట్టే ఉంది ఆ తోమడం.

ఆదివారం సంత. గెడ్డ దాటి జనం పోతున్నారు. కమ్మరి బోడన్న కొడవళ్ళ మూట నెత్తిన పెట్టుకుని వస్తూ ఆగాడు.

“ఏటి సిన్నసాములూ, ఇయ్యాల బండికి తానాలేటి?”

“రేపు ఇచ్చేస్తున్నాం బోడన్నా. కొత్త బండి వస్తోంది.”

బోడన్న ముఖంలో నవ్వు ఆగిపోయింది. మూట ఒడ్డున దించి, నీళ్ళలోకి దిగి, వెనక చక్రం పక్కన వంగాడు. బురద చేత్తో తుడిచాడు. లోపల విరిగిన స్ప్రింగు పట్టీని బిగించి పట్టుకున్న ఒక నల్లటి ఇనప కట్టు బయటపడింది.

“ఇది నాదే” అన్నాడు.

“నువ్వు చేసిందా?”

“తమరింకా రాలేదప్పటికి. పైఊళ్ళో వాంతులూ విరోసనాలూ పట్టుకున్నాయి. మందులెక్కించుకుని ఎల్తంటే మా ఊరి కాడ పట్టీ ఇరిగిపోనాది. నా కొలిమి కాడ సిన్న ఇనప ముక్క లేదు. నా నాగలి కర్రు ఊడదీసి, కాల్చి, సాగగొట్టి ఏసీసేను.”

“మరి నీ దుక్కి?”

“వారం ఆలీసమైపోనాది. ఏటౌద్ది? ఆ ఏడు సామలు కాసిని తక్కువ తిన్నాం.” బోడన్న ఆ ఇనప కట్టు మీద నీళ్ళు చల్లి, బొటనవేలితో ఒకసారి రుద్దాడు. “కొత్త బండి మంచిదే సాములూ. కానీ అది దారిలో ఆగిపోతే మాం ఏటి సెయ్యగలం? దూరంగా నిలబడి సూడాలి.”

మూట నెత్తికెత్తుకుని వెళ్ళిపోయాడు. కొడవళ్ళ బేరం తొందర కాబోలు, వెనక్కి మళ్ళీ చూడలేదు.

ధృవచైతన్య కాసేపు ఆ కట్టు వంక చూశాడు. ఎన్నిసార్లు ఆ చక్రం మార్చాడో! ఎన్నడూ దాన్ని మట్టిగడ్డ అనుకున్నాడే గాని ఒకరి నాగలి అనుకోలేదు. అతను తోమడం కొంచెం నెమ్మదించింది.

తర్వాత జీపమ్మ వచ్చింది. నవ్వకండి, ఆ పిల్ల పేరు అదే. ఇరవై మూడేళ్ళుంటాయి, పక్క ఊళ్ళో ఆశా కార్యకర్త. వాళ్ళమ్మని పురిటికి దింపుతుంటే ఆస్పత్రి దాకా ఆగలేక నాలుగో మలుపులో ఈ జీపు ముందు సీట్లోనే పుట్టేసింది. బళ్ళో మేష్టారు మంచి పేరు రాస్తానని బతిమాలితే వాళ్ళమ్మ ఒప్పుకోలేదట.

జీపమ్మ విషయం అడిగి తెలుసుకుంది. సంచి ఒడ్డున పెట్టి, చీర కుచ్చెళ్ళు ఎగదోపి, పీచు అందుకుని ముందు సీటు కడగడం మొదలుపెట్టింది. దుప్పటి గుడ్డతో కుట్టిన సీటది. అడ్డాకు విస్తళ్ళు కుట్టే చేతులు వేసిన కుట్లు, దగ్గర దగ్గరగా, ఎక్కడా ఊడకుండా ఉన్నాయి.

“మా అమ్మ కుట్టింది. సీటు పాడుచేశానని సిగ్గుపడి, బాలింత నెల తీరగానే నన్ను చంకనేసుకొచ్చి కుట్టి ఇచ్చిందట.”

“నువ్వెందుకమ్మా కడగడం, నేను కడుగుతాగా.”

“పుట్టిల్లు కదా” అని నవ్వింది. అంతలోనే ఆ నవ్వు మాయమైపోయింది. “నువ్వెక్కడ పుట్టావని ఎవరైనా అడిగితే ఇంతకాలం ఈ బండిని చూపించేదాన్ని సిన్నసాములూ. రేపట్నుంచి ఏం చూపించమంటారు?”

జీపమ్మ జవాబు కోసం ఆగలేదు. సీటు పిండి, ఎండకి తిప్పి పెట్టి, సంచి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఎండ నడినెత్తికొచ్చింది. పైనా కిందా అయింది, లోపలిది మిగిలింది. ఒక్క అంగుళం వదలొద్దన్నారు కదా! ధృవచైతన్య వెల్లకిలా పడుకుని, తల డ్యాష్‌బోర్డు కిందికి దూర్చి, దాని అడుగున చెయ్యి పెట్టి తుడవబోయాడు. వేళ్ళకి ఏదో మెత్తగా తగిలింది. ఎలకేమోనని ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. మళ్ళీ తొంగిచూశాడు.

నల్లటి తాడు. ఇంజను వైపు నుంచి ఒక కంత గుండా లోపలికొచ్చింది. దాని కొసకి ముడేసి, పాతబడి పసుపెక్కిన కట్టుగుడ్డ. ఆ గుడ్డ కొస ఒక కొక్కేనికి చుట్టి ఉంది.

తన మొలతాడు!

పన్నెండేళ్ళ కిందటి మాట. ఆశ్రమానికి వచ్చిన నెల తిరక్కుండానే అతను ఓడిపోయాడు. నెత్తురు చూస్తే కళ్ళు తిరిగేవి. ఒక పసివాడి కాలికి కట్టు కడుతూ వాడి మీదే పడిపోయాడు. “నేను పనికిరాను స్వామీ, వెళ్ళిపోతాను” అని ఏడుస్తూ సంచి సర్దుకుంటే, స్వామి ఉండమనలేదు. “పద, బస్సు దాకా దింపుతాను” అన్నారు. ఆ రోజుల్లో ఆయనే తోలేవారు.

మూడో మలుపులో యాక్సిలరేటర్ తీగ తెగింది. స్వామి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. “నాకు మనుషుల రోగాలే తెలుసు నాయనా. నువ్వేమైనా చూస్తావా?”

అతను బానెట్ ఎత్తి చూశాడు. ఇంజను దగ్గర మీటకి ఏదైనా కట్టి లోపల్నుంచి లాగితే చాలు. కానీ బండంతా వెతికినా తాడు లేదు. ఆఖరికి సిగ్గుపడుతూ అటు తిరిగి, మొలతాడు విప్పాడు. బతికుండగా మగవాడు మొలతాడు తీయకూడదురా అని చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మ వంద సార్లు చెప్పింది.

“ఇంకేం, సగం సన్యాసం అయిపోయింది” అన్నారు స్వామి.

తాడు జానెడు తక్కువైంది. స్వామి మందుల పెట్టెలోంచి కట్టుగుడ్డ తీసి దాని కొసకి ముడేశారు. ఆయన స్టీరింగు దగ్గర, ఇతను పక్క సీట్లో తాడు పట్టుకుని.

“లాగు నాయనా… వదులు… వంపొచ్చింది, వదులు వదులు… ఊఁ, ఇప్పుడు లాగు!”

జీపు కోడెదూడలా గెంతింది. ఒకసారి స్వామి తల పైన కడ్డీకి తగిలింది. ఇద్దరికీ నవ్వాగలేదు, కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వారు. నవ్వులో పడి జీపు ఎప్పుడు వెనక్కి తిరిగిందో అతను గమనించనే లేదు. ఆగాక చూస్తే ఎదురుగా మందుల గది.

“బస్సు స్వామీ?” అన్నాడు.

“తాడు లాగేవాడు దిగిపోతే నేనొక్కణ్ణీ కొండెలా ఎక్కను?” అన్నారాయన.

తర్వాత రెండు రోజులకి మెకానిక్ వచ్చి కొత్త తీగ వేశాడు. ఆ తాడు ఎక్కడో పారేసి ఉంటారనుకున్నాడు ధృవచైతన్య. తర్వాత అసలు మరిచేపోయాడు.

ఇప్పుడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని మెల్లగా లాగి చూశాడు, అటు కొస ఇంకా ఇంజను దగ్గర మీటకే కట్టి ఉంది. పన్నెండేళ్ళ తాడు, ఎండి పొడైపోవాలి. మెత్తగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వచ్చింది. రోజూ తెల్లారుతూనే స్వామి చిన్న నూనెగిన్నె పట్టుకుని జీపులో తలదూర్చడం, “ముసలాయన చాదస్తం” అని తను లోలోపల విసుక్కోవడం గుర్తొచ్చాయి.

అతనికి ఏడుపొచ్చింది. ఎవరూ లేరు కదా అని బాగానే ఏడ్చాడు. జీపు అడుగు నుంచి నీళ్ళు ఒక్కో చుక్కే గెడ్డలో పడుతున్నాయి.

సాయంత్రం జీపు తళతళలాడుతూ ఆశ్రమం ముందు ఆగింది. స్వామి వసారా దిగి వచ్చారు.

“మట్టంతా పోయిందా?”

“పోయింది స్వామీ.”

“ఇంకేమైనా మిగిలిందా?”

ధృవచైతన్య తల వంచుకున్నాడు. స్వామి అతని భుజం మీద చెయ్యి వేసి, “రేపు నేను తోలుతాను. చాలా రోజులైంది” అన్నారు.

సోమవారం పొద్దున జీపు వింతగా మొదటిసారికే స్టార్టయింది. స్వామి స్టీరింగు పట్టుకున్నారు. శిష్యుడు పక్క సీట్లో కూర్చున్నాడు, జీపమ్మ వాళ్ళమ్మ కుట్టిన సీట్లో. సీటింకా కాస్త తడిగానే ఉంది.

ఆశ్రమం దారి పోయి పోయి రోడ్డుని కలిసే చోట రెండుగా చీలుతుంది. ఎడమ పక్క కింద టౌనుకి, వీర్రాజు గారి గుమ్మంలోకి. కుడి పక్క పైఊళ్ళకి, నున్నటి రోడ్డన్నది ఎరగని ఊళ్ళకి.

స్వామి అక్కడ బండి ఆపారు. ఇంజను గుడగుడమంటూనే ఉంది. ఆయన చేతులు స్టీరింగు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“కిందికా నాయనా? పైకా?”

ధృవచైతన్య కుడి పక్క రోడ్డు వంక చూశాడు. చెయ్యి దానంతటదే డ్యాష్‌బోర్డు కిందికి వెళ్ళింది. కట్టుగుడ్డ కొస కొక్కెం నుంచి విప్పి, వేలికి చుట్టుకున్నాడు.

“వీర్రాజు గారికి ఏం చెబుతావు?”

“ఆ బండి కింది ఆస్పత్రికి ఇమ్మంటాను స్వామీ. అక్కడ రోడ్డుంది. మనకి తోసేవాళ్ళున్నారు.”

“అంటే?”

“పైకి” అన్నాడు శిష్యుడు.

స్వామి గేరు వేశారు. కాలు మాత్రం యాక్సిలరేటర్ మీద పెట్టలేదు.

“అయితే లాగు నాయనా” అన్నారు.