ముడుల్లో హంస

రండి తల్లీ, రండి నాయనా, దగ్గరగా జరిగి కూర్చోండి. పిల్లల్ని ముందుకు పంపండి. అమ్మవారిని తలుచుకుని ఒక సంగతి చెబుతాను.

అనగనగా నూలివీడు. ఊరంతా మగ్గాలే! ఏటేటా అమ్మవారికి హంసల అంచు చీర సమర్పించే గౌరవం ఆ ఊరిదే.

ఆ ఏడు రాణి మల్లమాంబ కబురంపింది. "అదే హంస ఈసారి మూడింటి మీద కావాలి. ఉత్సవమూర్తికి జానెడు చీర, మూలమూర్తికి నిండు చీర, రథానికి పెద్ద తెర. పది రోజుల్లో రాకపోతే ఈ గౌరవం పొరుగూరికి ఇస్తాను."

హంసను నేయడం ముసలి సంకయ్యకొక్కడికే వచ్చు. ఆయన చేతులేమో వణుకుతున్నాయి.

"పాత చీర చూసి పోగుకు పోగు దించండర్రా!" అన్నాడు. దించారు. జానెడు చీరలో హంస మెడ దగ్గరే ఆగిపోయింది. రథం తెర మీద ఈగంత కనబడింది. ఊరు బిక్కమొహం వేసింది.

అప్పుడు పోలాంబ అనే నేతగత్తె పాత చీర ముందు కూర్చుంది.

"తాతా, ఈ ఎరుపు తీసేస్తే ఇది హంస కాదా?"

"ఎందుక్కాదే? నీలమైనా హంసే."

"ఏనుగంత చేస్తే?"

"అప్పుడూ హంసే."

"మరి ఈ వంకరకాలు?"

సంకయ్య గొంతు సవరించుకున్నాడు. "అదా... మా తాత నేస్తుంటే పోగు తెగిందిలే. మూడు తరాలుగా అలాగే నేస్తున్నాం."

మగ్గాల వాళ్లంతా పకపకా నవ్వారు.

పోలాంబ రంగు వదిలేసింది. కొలత వదిలేసింది. వంకర వదిలేసింది. నేత వరుసకొక తాడు తీసుకుంది. బొమ్మ తేలడానికి పోగు ఎత్తాల్సిన చోట ముడి, ఎత్తక్కర్లేని చోట ఖాళీ. అంతే!

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! హంసను చంపి ఎముకలు మిగిల్చావే!" అన్నాడు సంకయ్య.

"ఎముకలుంటే ఎన్ని హంసలకైనా ఒళ్లు తొడగొచ్చు తాతా."

ఆ తాళ్లను ఇంట్లో దాచుకుందా? లేదు! వీధి మధ్య వేలాడదీసింది. జానెడు చీరకు ముడికొక సన్నపోగు. నిండు చీరకు ముడికి నాలుగు పోగులు, తాడుకు నాలుగు వరుసలు. రథం తెరకు ముడికి నలభై పోగులు, తాడుకు నలభై వరుసలు. సంకయ్య వేళ్లతో ముడులు తడిమి పాటలా చెబుతుంటే మూడు మగ్గాలూ ఒక్కసారే ఆడాయి.

పదో రోజుకి మూడు హంసలూ నిక్కి నిలబడ్డాయి.

"నేసిందెవరు?" అంది రాణి.

"మా నూలివీడు, తల్లీ," అంది పోలాంబ. ఊరి ఛాతీ ఉప్పొంగింది. చీర గౌరవం తరతరాలకూ వాళ్లకే దక్కింది.

పోలాంబ చేసిన ఆ ఒక్క పని గుర్తుంచుకోండి నాయనా. రేపు మీ చేతికేదైనా చిక్కుపని వస్తే మీరూ అలాగే చేయండి: అక్కర్లేనిది వదిలి అసలు పట్టుకున్నవాడిదే తెలివి, పట్టుకున్నది పదిమందికీ పంచినవాడిదే గొప్పతనం.