గంజి చౌడమ్మ ఖాళీ కుండ

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదర్రా, సముద్రం ఇంకా కాస్త దూరంగా ఉన్న రోజుల మాట. కాలవకి ఈవలి ఒడ్డున పడమటిపాలెం, ఆవలి ఒడ్డున తూర్పుపాలెం. రెండూ సాలెవాళ్ళ ఊళ్ళే. పడమటిపాలెంలో చౌడమ్మ అని ఓ ముసలమ్మ ఉండేది. మగ్గం లేదు, మనిషి తోడూ లేదు. ఓ కుండ, ఓ కుంచె, అంతే ఆస్తి. మగ్గానికెక్కించే నిలువు పోగుల్ని పడుగంటారు కదా, ఆ పడుగుని వీధిలో బారుగా పరిస్తే ఈవిడ గంజి పట్టేది. గంజి లేకపోతే పోగు తెగుద్ది. అందుకని గంజి చౌడమ్మ అనేవాళ్ళు.

ఓ ఏడు ఓడ వచ్చింది. ఓడలోంచి షావుకారు దిగాడు. "మీ బట్ట సముద్రాల అవతల కట్టుకుంటారు. నేసిందంతా కొంటాను" అన్నాడు. కూలి బాగానే ఇచ్చాడు. ఇంకేం, మెట్టచేలో జొన్న చల్లడం మానేసి అందరూ మగ్గం గుంటల్లో దిగారు.

మరుసటేడు వచ్చాడు. "కాలవ అవతల తక్కువకే నేస్తున్నారు. మీ ఇష్టం" అన్నాడు. ఏం చేస్తారు? కూలి తగ్గించుకున్నారు.

ఆ మరుసటేడూ వచ్చాడు. "కాలవ అవతల ఇంకా తక్కువకే నేస్తున్నారు. మీ ఇష్టం." మళ్ళీ తగ్గించుకున్నారు. "మా నోటి దగ్గర కూడు లాక్కుంటున్నారు, వాళ్ళ చేతులు పడిపోనూ!" అని తూర్పుపాలెం వాళ్ళని తిట్టుకున్నారు కూడా.

షావుకారికి ఒక ఓడ రెండయింది. ఇక్కడేమో నూలుకి పట్టాల్సిన గంజి పిల్లలు తాగారు. తాగరూ మరి! పడుగు పుటుక్కున తెగేది, బట్ట నాసిగా దిగేది. ఆ బట్టనే సగం ధరకి బళ్ళకెత్తించి, "వచ్చే ఏడు ఇలాంటిదిస్తే కొనను. మగ్గాలు పొయ్యిలో పెట్టుకోండి" అన్నాడు షావుకారు.

"మగ్గం పొయ్యిలోకి పోనివ్వను" అని చౌడమ్మ ఖాళీ కుండ చంకనెత్తుకుంది. పనంతా తూర్పుపాలెం వాళ్ళదే కదా, గంజి ఉండకపోదు, సిగ్గు విడిచి అడుగుదామని బయల్దేరింది. వంతెన మధ్యలో ఆ ఊళ్ళో గంజి పట్టే ఈరమ్మ ఎదురైంది. ఆవిడ చంకలోనూ కుండే.

"ఎక్కడికి వదినా?" అంది చౌడమ్మ.

"మీ ఊరికే. కాసింత గంజి పోస్తారేమోనని. తక్కువకి నేసి పనంతా పట్టుకుపోతున్నారట కదా!"

"ఓసి నా తల్లో! మీరే తక్కువకి నేస్తున్నారని కదే షావుకారు మాతో చెప్పాడు!"

ఒకరి కుండలోకి ఒకరు తొంగి చూసుకున్నారు. రెండూ ఖాళీయే. చౌడమ్మకి ముందు నవ్వొచ్చింది, ఆ వెనకే ఒళ్ళు మండింది.

ఆ పూటే రెండూళ్ళనీ పోగేసి, "ఉన్న నూకలన్నీ ఒక్క కుండలో పొయ్యండి" అంది.

"పిల్లలకి పొయ్యకుండా దారాలకి పొయ్యమంటావా?" అని ఓ తల్లి ఏడ్చింది.

"ఈ పూట తాగితే రేపు మళ్ళీ ఆకలేనమ్మా. ఒక్క పూట ఓర్చుకోండి."

ఇల్లిల్లూ చాటలు దులిపి పోశారు. ఈ ఊరి పోగూ ఆ ఊరి పోగూ కలిపి ఒకటే పడుగు చేసి, రేవు బాటకి అడ్డంగా పరిచి గంజి పట్టారు. పరిచిన పడుగు దాటకూడదు. తొక్కితే సాలెవాడి కడుపు తొక్కినట్టే. రాజుగారి పల్లకీ అయినా ఆగాల్సిందే.

షావుకారు బట్టల బళ్ళతో వచ్చాడు. "తీయండి!"

"తడి ఆరలేదు షావుకారూ."

"తొక్కించుకుపోతాను!" అన్నాడు. బండివాళ్ళు ఎడ్లని విప్పేశారు. "పడుగు మీంచి మేం తోలం" అని, తమ సద్దిమూటలు విప్పి పస్తున్న పిల్లలకి పెట్టారు.

రెండోసారి మెత్తగా వచ్చాడు. "అవ్వా, నీ ఒక్కదానికి ఏటేటా బియ్యం పంపిస్తాను."

చౌడమ్మ ఆరిన చోట మళ్ళీ గంజి పట్టింది. "తడి ఆరలేదు షావుకారూ."

మూడోసారి బెదిరించాడు. "వేరే దేశం పోతాను. అక్కడ ఇంకా తక్కువకి నేస్తారు!"

"పో నాయనా. వాళ్ళ కుండ కూడా చూసొస్తాం" అంది చౌడమ్మ.

గాలి మళ్ళుతోంది. ఇవాళ కదలకపోతే ఓడ మళ్ళీ ఏడాదికే. షావుకారు అటు చూశాడు, ఇటు చూశాడు. చివరికి అందరి ముందూ రెండూళ్ళకీ ఒకటే కూలి చెప్పాడు, మొదటి ఏటి కూలి. అప్పుడు పడుగు చుట్టారు.

చౌడమ్మ పోయినప్పుడు "మా మనిషి" అంటే "మా మనిషి" అని రెండూళ్ళూ కొట్టుకున్నంత పని చేశాయి. ఆఖరికి వంతెన దాకా వీళ్ళు మోశారు, అక్కణ్ణించి వాళ్ళు మోశారు.

ఇప్పటికీ ఆ వైపు పడుగుకి గంజి కాస్తే మొదటి గరిటె ఓ పిల్లకి పోస్తారు. ఇప్పటికీ ఎవడైనా వచ్చి "అవతలివాళ్ళు తక్కువకే చేస్తున్నారు, మీ ఇష్టం" అన్నాడో, చేతిలో పని ఆపి ఒకటే మాటంటారు.

"ఉండు బాబూ. కుండ చూసొచ్చి చెబుతాం."