యాపిల్ బుగ్గలు

సిమ్లాలో సుభాషిణి అనే ఒక తల్లి ఉండేది. కూతురంటే ఆమెకు ప్రాణమే గానీ, ఆ కూతుర్ని ఎప్పుడూ పక్కవాళ్ళ కళ్ళతోనే చూసేది.

ఆమెది తణుకు. భర్త రామశేషుకు ఆ కొండల్లో ఒక కరెంటు ప్రాజెక్టులో ఉద్యోగం వచ్చింది. ఏడేళ్ళ కూతురు మంజీరను వెంటబెట్టుకుని ఇద్దరూ ప్రయాణమయ్యారు. ఆ రోజు రామశేషు అక్క కనకవల్లి, సాగనంపడానికి వచ్చిన వాళ్ళంతా వినేలా, "చూడు మరదలా, నా మేనకోడలు ఆ చలికి తోటకూర కాడలా వాడిపోయిందంటే మాత్రం నేనూరుకోను. నీకసలు పిల్లని పెంచడం చేతనవునో కాదో!" అంది. అందరూ నవ్వారు. సుభాషిణి కూడా నవ్వింది. కానీ ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగబడిపోయింది.

అందుకే ఆడపడుచు ఫోను చేసినప్పుడల్లా ఆమె అదే పాట పాడేది.

"ఇక్కడి గాలి ఎంత మంచిదనుకున్నారు వదినా! మంజీర బుగ్గలు యాపిల్ పళ్ళలా తయారయ్యాయి."

మొదట్లో అది నిజమే. తరవాత చలికాలం వచ్చింది. బయటికి వెళితే ముఖాన్ని కోసే పొడిగాలి, ఇంట్లోకి వస్తే హీటరు వేడి. రెంటి మధ్యా మంజీర ముఖం పగిలిపోయింది. ముక్కుకి అటూ ఇటూ, బుగ్గల మీదా, గడ్డం కిందా తెల్లటి పొట్టు రేగింది. గట్టిగా నవ్వితే పెదవి చిట్లేది. అందుకని ఆ పిల్ల నోరు మూసుకుని నవ్వడం నేర్చుకుంది.

సుభాషిణికి అది చలి చేసిన పనిలా కనిపించలేదు, మురికిలా కనిపించింది. వేడివేడి నీళ్ళతో, సబ్బుతో రుద్దింది. పొట్టు పోయింది. కాసేపటికి మళ్ళీ లేచింది. మళ్ళీ రుద్దింది. చివరికి తణుకు నుంచి తెచ్చుకున్న సున్నిపిండి డబ్బా దించింది. మన ఇళ్ళల్లో సున్నిపిండితో నలిచే ముందు ఒంటికి నూనె పట్టిస్తారు. సుభాషిణి పిండి మాత్రమే తీసింది, నూనె సీసా జోలికి పోలేదు.

"కాస్త కొబ్బరినూనె రాయరాదూ దానికి?" అన్నాడు రామశేషు.

"జిడ్డు మొహంతో బడికి పంపమంటారా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు? దీనికి తల్లి లేదా అనుకోరూ?"

"పొట్టు లేచిన మొహం చూసి మాత్రం ఏమనుకుంటారు?"

"అందుకేగా రుద్దుతున్నది!"

రామశేషు పేపరు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ ఇంట్లో వాదన ముగిసిందనడానికి అదే గుర్తు.

పిండి తడి బుగ్గకు తగలగానే మంజీర వెనక్కి గుంజుకునేది. "అమ్మా, మండుతోంది" అనేది.

"ఏం మండదు. శుభ్రంగా ఉండాలంటే ఆ మాత్రం ఓర్చుకోవాలి."

"నిజంగా మండుతోందమ్మా. నీ చేతికి తెలీట్లేదు, నా బుగ్గకి తెలుస్తోంది."

"అబ్బో, మాటలు కోటలు దాటుతున్నాయి!" అని నవ్వి, సుభాషిణి ఇంకాస్త పిండి అద్దేది.

ఇలా ఉండగా కనకవల్లి నుంచి ఫోను వచ్చింది. ఆమె సిమ్లా వస్తోంది. "మంచుదేముందే, ఎప్పుడైనా చూడొచ్చు. ముందు ఆ యాపిల్ పళ్ళ సంగతి తేల్చుకోవాలి!" అంది.

సుభాషిణి గుండెల్లో రాయి పడింది. ఇల్లంతా కడిగింది. కర్టెన్లు ఉతికింది. పిల్ల ముఖాన్ని కూడా వాటిలోనే జమకట్టింది. పొద్దున సబ్బు, సాయంత్రం సున్నిపిండి. డబ్బా మూత చప్పుడైతే చాలు, మంజీర మంచం వెనక్కి వెళ్ళి నక్కేది. సుభాషిణి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చేది. నీ మంచికే కదూ, అనేది. ఆమె అలా నమ్మే అనేది.

ఆడపడుచు వచ్చే రోజున ఆఖరిసారి నలిచి, గరుకు తువ్వాలుతో తుడిచి, పిల్లను అద్దం ముందు నిలబెట్టింది. వెతికినా ఒక్క పొట్టు లేదు. బుగ్గలు రెండూ ఎర్రగా, నున్నగా మెరిసిపోతున్నాయి.

"చూశావా, ఎంత ముద్దొస్తున్నావో!"

మంజీర కళ్ళ నిండా నీళ్ళు ఉన్నాయి. "అమ్మా, మం..."

"అదిగో! అత్త ముందు ఆ మాట అన్నావంటే ఊరుకోను. అత్త అడిగితే ఏమనాలి?"

"బాగుంది అనాలి."

"నా బంగారు తల్లి!"

కనకవల్లి రెండు స్వెట్టర్లు, మంకీ క్యాపు, ఆ పైన శాలువా చుట్టుకుని, మూట కట్టిన బస్తాలా టాక్సీ దిగింది. గుమ్మంలో నిలబడ్డ మేనకోడల్ని చూసి చేతిలోని సంచీ అక్కడే వదిలేసింది.

"ఓసి నా తల్లీ! నిజంగానే యాపిల్ పళ్ళేనే! మీ ఆవిడ గొప్పలు పోతోందనుకున్నాన్రా శేషూ. కాదు, కాదు. పిల్లని పెంచడమంటే ఇదీ!"

సుభాషిణికి కడుపు నిండిపోయింది. గుండెలో ముల్లు ఊడి కింద పడ్డట్టయింది.

"మీ అమ్మ బాగా చూసుకుంటోందటే?" అని అడిగింది కనకవల్లి.

మంజీర తల్లి వైపు చూసింది. తల్లి కళ్ళతోనే సైగ చేసింది.

"బాగుంది అత్తా."

ఆ ముద్దుమాటకి కనకవల్లి మురిసిపోయి, మేనకోడలి రెండు బుగ్గలూ వేళ్ళ మధ్య పట్టుకుని గట్టిగా పుణికింది. గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. మంజీర అరవలేదు. పెదవులు బిగపట్టుకుంది. కన్నీళ్ళు మాత్రం ఆగలేదు. ఆ ఉప్పునీళ్ళు పచ్చి బుగ్గల మీదుగా జారి ఇంకా మండించాయి.

పుణికిన వేళ్ళను ముద్దు పెట్టుకోబోయి కనకవల్లి ఆగిపోయింది. వేళ్ళు తడిగా ఉన్నాయి. వాటికి పల్చటి తోలు పొర అంటుకుని ఉంది. పొర మీద రక్తం ఉంది.

"ఇదేంటే?"

మంజీర గబగబా అంది, "బాగుంది అత్తా. బాగుంది."

కనకవల్లి ఆ వేళ్ళను మరదలి ముందుకు చాచింది. తరవాత మెల్లగా అంది, "నేనేదో నోటి దురదకి ఒక మాట అన్నాను మరదలా. దాని కోసం పిల్ల తోలు ఒలిచావా?"

రామశేషు పేపరు వెతుక్కోలేదు. పిల్లను ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాడు. డాక్టరు చెప్పింది పెద్ద వైద్యమేమీ కాదు. రుద్దడం మానండి, సబ్బు మానండి, గోరువెచ్చటి నీళ్ళతో కడిగి తడి ఆరకముందే మెత్తగా మందు రాయండి, పుండు మానాక కొబ్బరినూనె రాసినా చాలు అన్నాడు. ఇంట్లో మూత తియ్యని నూనె సీసా సుభాషిణికి గుర్తొచ్చింది.

పుండ్లు మానాయి. చర్మం మెత్తబడింది. మందు రాసే పని మాత్రం మంజీర ఎవరికీ ఇవ్వలేదు, తనే రాసుకునేది.

చలి తగ్గుముఖం పట్టాక, ఒక రోజు ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని ముద్ద మింగలేకపోయింది. తల ఒక పక్కకి వాల్చే ఉంచింది. సుభాషిణి వెళ్ళి పిల్ల మంచం చూస్తే దిండు మీద చీము మరక ఉంది. చెవి పోటు ఎన్నాళ్ళ నుంచి ఉందో!

"చెవి నొప్పి పుడుతోందా తల్లీ?"

"లేదమ్మా. బాగుంది."

"ఇంత చీము కారుతుంటే నాకెందుకు చెప్పలేదు?" అంటూ సుభాషిణి చెయ్యి చాచింది. మంజీర చటుక్కున నిటారుగా కూర్చుంది. అరచేత్తో తన ముఖం తనే తుడుచుకుంది.

"ఎవరైనా వస్తున్నారా అమ్మా?" అని అడిగింది.

సుభాషిణి చాచిన చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

నలుగురి మెప్పు కోసం బిడ్డ నొప్పిని కాదన్నవారికి ఆ మెప్పు ఒక పూటే దక్కుతుంది. నొప్పి చెప్పుకునే బిడ్డ మాత్రం మళ్ళీ దక్కదు.