సింగారమ్మ నెమరు

చిట్టడవిలో పాలకేంద్రం నడిపేది గేదె సింగారమ్మ. మనసు వెన్న, నోటికి మాత్రం అదుపు లేదు. ఎదుటివాళ్ళు మాట్లాడకుండా చూస్తే చాలు, ఆ నిశ్శబ్దం భరించలేక ఏదో ఒకటి వాగేస్తుంది. పోయినేడు అడవికి వార్తలు చాటే నక్క చిత్తయ్య ఊరికే నవ్వుతూ చూసేసరికి, "మా పాలు కూడా ఒక్కోసారి విరుగుతాయిలెండి" అనేసింది. మర్నాటికి సగంమంది వాడుకదార్లు పోయారు.

ఇప్పుడు మళ్ళీ గండం. నిన్న ఒక క్యాను పాలు విరిగి కుందేలు పిల్లలకు కడుపునొప్పి వచ్చింది. ఈ సాయంత్రం చిత్తయ్య అందరి ముందూ ప్రశ్నలడుగుతాడట. నోరు జారితే పాలకేంద్రం మూతపడుతుంది, పాలుపోసే గేదెలన్నీ వీధిన పడతాయి.

సింగారమ్మ వాగు దగ్గరున్న కొంగ తాతయ్య దగ్గరికి పరుగెత్తింది.

"తాతా, ఏం చెప్పమంటావ్?"

"జరిగింది చెప్పు. తెలియనిది తెలియదను."

"వాడు మాటల్లో పెట్టి లాగుతాడు కదా!"

"మాటలతో కాదే పిచ్చిదానా, మౌనంతో లాగుతాడు. చెప్పడం అయ్యాక నువ్వూ ఆగిపో."

"నా వల్ల కాదు తాతా, నాలుక దురద!"

"గేదెవి కదే, నెమరెయ్యి."

తాతయ్య నక్కలా కూర్చుని గుచ్చిగుచ్చి చూశాడు. సింగారమ్మ రెండుసార్లు వాగేసి, మూడోసారికి నెమరులో పడింది.

సాయంత్రం అడవంతా చేరింది. చిత్తయ్య గొంతు సవరించుకున్నాడు. "పాలెందుకు విరిగాయమ్మా?"

"ఒక క్యాను విరిగింది, నిజమే. మూత ఊడి ఉన్నా చూసుకోకుండా పోసేశాం. తప్పు మాదే, క్షమించండి. మిగిలినవి పారబోశాం. మూత ఎవరు తీశారో ఇంకా తెలియదు."

చిత్తయ్య తలాడిస్తూ మౌనంగా చూశాడు. సింగారమ్మకు నాలుక చివర మాటలు గిలగిలలాడాయి. పళ్ళు బిగించి నెమరు మొదలుపెట్టింది. చిత్తయ్య చూశాడు, ఆమె నమిలింది. జనం చూపులన్నీ మెల్లగా నక్క మీదికి తిరిగాయి. వాడికి చెమటలు పట్టాయి.

"తెలియదంటే సరిపోతుందా? మూత అంత వదులుగానా పెట్టేది? నేనిలా మూతితో తోయగానే ఊడిపోయింది!"

కుందేలు తల్లి లేచి నిలబడింది. "ఏ మూతితోనయ్యా?"

చిత్తయ్య తోక ముడిచి పొదల్లోకి దూకాడు. అడవంతా గొల్లున నవ్వింది. సింగారమ్మకు ఎంత ఆనందమేసిందో! ఒక్క మాట అనబోయి, తాతయ్య వైపు చూసి, హాయిగా ఇంకో ముద్ద నెమరేసింది.

ఉన్నమాట చెప్పి నోరు మూసుకున్నవాళ్ళ ముందు, వల వేసినవాడే నోరు జారతాడు.