రాజుగారు చేసిన చిలక బిస్కత్తు

ముందు ఆ పక్క దులపండర్రా. దుప్పటి నిండా బిస్కత్తు పొడే. చీమలొచ్చి కుడితే అర్ధరాత్రి అమ్మమ్మా అంటూ నా మీద పడతారు. ఏవిటే మేధా, ప్రేమికుల రోజుకని మీ అమ్మా మీరూ కలిసి పొద్దుటినించీ ఆ పెట్టెలో పెట్టి కాల్చింది ఇదేనా? గులాబీరంగు పూశారు, మీద పంచదార ముత్యాలు అంటించారు, బాగానే ఉంది. తమలపాకు ఆకారం ఎందుకు కోశారు మరి? గుండెకాయా? నేను ఒప్పుకోను, అది తమలపాకే. ఇంకా నయం, సున్నం రాయలేదు.

సరే, ఇవాళ బిస్కత్తు కథే చెబుతాను. ఆ దీపం తగ్గించు ధీరజూ. ఊ కొట్టాలి సుమా. కొట్టకపోతే మధ్యలో ఆపేసి నేను పడుకుంటాను, నాకేం నష్టం లేదు.

అనగా అనగా, నేను కూడా పుట్టని రోజుల్లో, ఒక రాజ్యం. దానికి కనకసేనుడని ఒక రాజు. మీసాలు ఇంతింత, బొజ్జ ఇంత. కూర్చుంటే లేవదియ్యడానికి ఒకడు, లేస్తే కూర్చోబెట్టడానికి ఇంకొకడు. తుమ్మొస్తే తుమ్మడం ఒక్కటే ఆయన సొంతంగా చేసుకునే పని, ముక్కు తుడవడానికి మళ్ళీ వేరే మనిషి. యుద్ధాలెవరు చేసేవారంటావా? ఎవరో చేసేవారులే, అడ్డుపడకు.

ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉండేది. ఫాల్గుణంలో కాముని పున్నమి వస్తుందే, మీరు రంగులు చల్లుకుని నా చీర పాడుచేస్తారే, ఆ రోజు. మన్మథుడి పండగ అది. ఆయన ఎక్కి తిరిగేది చిలకని కదా, అందుకని ఆ రోజు ప్రతి మొగుడూ తన చేత్తో పిండి కలిపి, చిలకలా కోసి, కాల్చి, మీద పంచదార పూత పూసి, రంగులు దిద్ది పెళ్ళానికి ఇవ్వాలి. గులాబీరంగుకి బచ్చలిపళ్ళు, పసుపుకి మోదుగపూలు, ఆకుపచ్చకి పాలకూర. అప్పుడు దాన్ని బిస్కత్తు అనేవారు కాదు, ఏమనేవారో నాకూ తెలీదు, మనం బిస్కత్తే అనుకుందాం. ఆవిడ ముక్క మిగల్చకుండా తిందా, ఆ ఏడాదంతా సంసారం చల్లగా ఉంటుంది. తినకుండా గోడ మీద కాకులకి పెట్టిందా, అయ్యగారి పక్క అరుగు మీదకి పోతుంది. ఊ కొడుతున్నారా?

ఒక ఏడు మన రాజు ఏం చేశాడు? చిలక చెయ్యమని మంత్రికి చెప్పాడు. మంత్రి సేనాపతికి చెప్పాడు. సేనాపతి వంటల గోవిందయ్యకి చెప్పాడు. గోవిందయ్య కోడలు మంగతాయారుకి చెప్పాడు. మంగతాయారు చేసింది. చేసి మావగారికిచ్చింది, మావగారు సేనాపతికి, సేనాపతి మంత్రికి, మంత్రి రాజుకి, రాజు రాణికి. ఎంత బాగా కుదిరిందంటే, కిటికీ తీస్తే ఎగిరిపోతుందేమో అన్నట్టుంది. రాణి పేరు కుందనదేవి. ఆవిడ చిలకని చూళ్ళేదు, రాజు చేతులు చూసింది. బచ్చలిపండు రంగు అంటిందంటే వారం దాకా వదలదు కదా. ఈయన చేతులేమో అప్పుడే గంధం రాసుకొచ్చినట్టున్నాయి.

ఇంకేముంది, చిలక గోడెక్కింది. రాజభవనానికి అరుగెక్కడిది, అందుకని రాజుగారి పక్క ఏనుగుల శాలలో వేశారు. ఏడాది పొడుగునా అటు ఏనుగు గురక, ఇటు రాజు గురక. ఏది ఎవరిదో మావటివాళ్ళకి కూడా తెలిసేది కాదట.

మళ్ళీ పున్నమి దగ్గరికొచ్చింది. రాణి కబురు పంపింది, ఈసారీ ఇంకొకరు చేసిన చిలక తెచ్చారంటే నేను పల్లకీ ఎక్కి పుట్టింటికి పోతాను, మళ్ళీ రాను అని. రాజుకి గుండెల్లో రాయి పడింది. బద్ధకస్తుడే గానీ ఆవిడంటే ప్రాణం పెడతాడు. ఆవిడ నాలుగు తిట్లు తిట్టకపోతే ఆయనకి అన్నం అరగదు. ఏం చెయ్యాలోయ్ అని మంత్రినడిగాడు. ఆ మంత్రి ఉన్నాడే, బుర్ర నిండా ఆవపిండి. సొంతంగా చెయ్యండి మహారాజా అనొచ్చు కదా, అనడు. చిలకని మంగతాయారే చేస్తుంది, తమరు చేతులు బచ్చలిరసంలో ముంచుకుంటే చాలు, రాణిగారు నమ్మేస్తారు అన్నాడట. రాజు ఎగిరి గంతేశాడు. అంటే గంతు వెయ్యమని ఎవడికో చెప్పాడనుకో.

మంగతాయారుని పిలిపించారు. చిలక చేసిపెట్టు, రాణికి గనక తెలిసిందా, మీ మావగారికి గుండు గీయించి, సున్నం బొట్లు పెట్టి, గాడిద మీద వెనక్కి తిప్పి ఊరేగిస్తాం అన్నారు. పాపం గోవిందయ్యకి ఉన్నవే నాలుగు వెంట్రుకలు. మంగతాయారు ఆలోచించింది. చెయ్యనంటే మావగారికి గాడిద. చేస్తే రాణి కనిపెట్టేస్తుంది, అప్పుడూ గాడిదే. పైగా ఆ రాణి మొహం తలుచుకుంటే కడుపు తరుక్కుపోయింది దానికి. ఏడాదికోసారి మొగుడు ఒక్క పిండిముద్ద ఒత్తాలని కోరుకోవడం కూడా గొంతెమ్మ కోరికేనా? అందుకని చేస్తానంటూ తలూపి వంటింట్లోకి వెళ్ళింది.

అప్పట్లో మీటలు తిప్పే పెట్టెలు లేవు. కుండలో ఇసక పోసి, అందులో పళ్ళెం పెట్టి, కింద సన్నటి సెగ, మూత మీద నాలుగంటే నాలుగు నిప్పులు. మంగతాయారు మూత మీద తట్టెడు నిప్పులు కుమ్మరించింది. చిలక బొగ్గయిపోయింది. దాన్ని పళ్ళెంలో పెట్టుకుని పరుగున వెళ్ళి, మహారాజా, పొయ్యిలో దెయ్యం ఉంది అని చెప్పింది. ఎవరి దెయ్యమంటే, తమ నాయనమ్మగారిదే అంది. మనవడి పెళ్ళానికి మనవడే చేసిపెట్టాలి, ఇంకెవడు చేసినా బూడిద చేసేస్తానని పొయ్యిలో కూర్చుని రంకెలేస్తోందని చెప్పింది.

దెయ్యం లేదు, గియ్యం లేదు. భయపడకే మేధా, ఇలా జరుగు. కానీ ఆ ముసలావిడ బతికున్న రోజుల్లో ఈ రాజుకి తెగ మొట్టికాయలు పెట్టేదట. నాయనమ్మ పేరు వినేసరికి ఆయన చెయ్యి నెత్తి మీదకి పోయింది. మంత్రికి నమ్మకం కుదరలేదు, నేను దగ్గరుండి కాల్పిస్తాను చూడండి అన్నాడు. మంగతాయారు సరే బాబయ్యగారూ అని విసనకర్ర ఆయన చేతికే ఇచ్చింది. విసరండి, ఇంకా విసరండి, సెగ చాలదు, గట్టిగా విసరండి అంది. ఆయన తలపాగా ఊడేదాకా విసిరాడు. మూత తీస్తే మళ్ళీ బొగ్గు. నల్లటి పొగ మొహాన కొట్టింది. మంత్రి పరుగు తీశాడు చూడు, పాకశాల దాటి, సభ దాటి, కోటగుమ్మం దాకా వెళ్ళి ఆగాడు.

ఇక రాజుకి దారి లేదు. కూర్చున్నాడు పొయ్యి ముందు. పిండి జల్లించమంటే మీసాలకి పట్టించాడు. వెన్న కలపమంటే సగం నాకేశాడు. పాలు చిలకరించమంటే చెంబుడూ ఒంపేశాడు, పిండి జారైపోయింది. మళ్ళీ పిండి పోశాడు, గట్టిపడింది, మళ్ళీ పాలు పోశాడు, జారిపోయింది. పోసి, జారి, పోసి, గట్టిపడి, ఆఖరికి ఊరందరికీ సరిపడా పిండి అయింది. అందులోంచి ఒక్క చిలకని కోశాడు. కుండలో పెట్టి, వేలు కాల్చుకుని, వేలు నోట్లో పెట్టుకుని, నాయనమ్మా ఊదకే, నాయనమ్మా ఊదకే అంటూ పొయ్యిని బతిమాలుతూ కూర్చున్నాడు. మంగతాయారు పమిట నోట్లో కుక్కుకుంది, నవ్వు ఆపుకోలేక.

కాలి బయటికొచ్చాక పంచదార పూత పూశాడు, రంగులు దిద్దాడు. మోచేతుల దాకా బచ్చలిరసమే. చిలక ఎలా వచ్చిందంటావా? మెడ ఒక పక్కకి పోయింది. పొట్ట ఆయన పొట్టలాగే ఉబ్బింది. ఓ రెక్క మాడింది. కప్ప అంటే కప్ప, గుమ్మడికాయ అంటే గుమ్మడికాయ. ఊ ఏదీ? పడుకున్నారా? ఆ, అదీ.

పున్నమి రోజు సభ నిండిపోయింది. గుమ్మంలో పల్లకీ సిద్ధంగా ఉంది, బోయీలు తలపాగాలు చుట్టుకుని నిలబడ్డారు. మంత్రి మెల్లగా రాజు పక్కకి చేరి బంగారు పళ్ళెం చూపించాడు. అందులో బజారు మిఠాయివాడితో చేయించిన చిలక. ముక్కు ఎర్రగా, రెక్కలు పచ్చగా, కళ్ళకి ముత్యాలు. తమ చేతులకి ఎటూ రంగంటింది, ఇది ఇచ్చినా రాణిగారు నమ్మేస్తారు, ఆ కప్పని దాచెయ్యండి మహారాజా అని గొణిగాడు.

నిజమే కదా. ఇది ఇస్తే ఎవరికీ తెలీదు. అది ఇస్తే నలుగురూ నవ్వుతారు, రాణి గోడ మీద పెట్టేసినా పెట్టేస్తుంది. రాజు ఆ చిలకని చూశాడు, ఈ చిలకని చూశాడు. ఆ చిలకని చూస్తే నోరూరింది. తన చిలకని చూస్తే మాత్రం, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేనూ ఒకటి చేశాను అనిపించి, కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. బంగారు పళ్ళాన్ని పక్కకి నెట్టేసి, తన కప్పని రెండు చేతుల్తో పట్టుకుని రాణి ముందు నిలబడ్డాడు.

రాణి చేతులు చూసింది. కాలిన వేలు చూసింది. చిలకని చూసింది. ఇదేవిటి అని అడిగింది. చిలక అన్నాడు. చిలకకి చెవులెందుకున్నాయి అంది. చెవులు కాదు, రెక్కలు అన్నాడు. ఎవరు చేశారు అంది. నేనే చేశాను, నాయనమ్మ ఊదకుండా కూర్చుంది అన్నాడు. ఆ నాయనమ్మ గొడవేవిటో ఆవిడకేం అర్థం కాలేదు గానీ, సభలో ఒక్కడు కిసుక్కున నవ్వితే వాడి వంక ఒక చూపు చూసింది. మళ్ళీ ఎవడూ నవ్వలేదు.

తల కొరికింది. రాయిలా ఉంది, పటుక్కుమంది. రాజు అయ్యో మెల్లిగా అన్నాడు, తన తలే తెగినట్టు. మాడిన రెక్కా తింది, పచ్చిగా ఉన్న పొట్టా తింది, నమిలి నమిలి దవడ నొప్పెట్టినా ఆపకుండా, వేళ్ళకంటిన పొడి కూడా నాకింది. మంత్రి చేతిలో ఉన్న బంగారు పళ్ళెంలో చిలకని తీసి బోయీలకి పంచిపెట్టింది. గోవిందయ్య హాయిగా తన నాలుగు వెంట్రుకలూ సవరించుకున్నాడు.

పల్లకీని ఏం చెయ్యమంటారు తల్లీ అని బోయీలడిగారు. రాణి మూతి తుడుచుకుంటూ చెప్పింది కదా, మంత్రిగారిని ఎక్కించండి, ఈయన పెళ్ళాం కూడా పోయినేడు కొన్న చిలక తెచ్చాడని అలిగి పుట్టింటికి వెళ్ళింది, మళ్ళీ రాలేదు, పిండీ వెన్నా కూడా పల్లకీలో పెట్టండి, అత్తారింటి పొయ్యి ముందు కూర్చుని చేసుకుంటాడు అని.

నీతంటారా? బజారులో కొన్న అందం కన్నా మన చేత్తో మాడ్చిందే నయమర్రా. మన కోసం పొయ్యి ముందు కూర్చున్నాడన్న సంగతి నోటికి తెలుస్తుంది. అంతే. కథ కంచి బస్సెక్కేసింది, మనం దుప్పట్లో దూరదాం.